ఆరు గదులు, ఒకే తువ్వాలు

ఆ రోజు ఉదయం తాళాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రైలు వస్తుంది. దిగినవాళ్ళలో కొందరు స్టేషను ఎదురుగా ఉన్న తమ లాడ్జికి వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ "మీకేం కావాలి?" అని అడిగి, వాళ్ళు చెప్పింది కంప్యూటరులో కొట్టాలి. కంప్యూటరు ఒక కార్డు ముద్రిస్తుంది. ఆ కార్డు వాళ్ళ గది తలుపు పిడికి వేలాడుతుంది. సాయంత్రం నాలుగయ్యేసరికి తన కుర్చీ తనకు దక్కుతుంది. అంతే.

కుర్చీ అంటే కౌంటరు వెనక కుర్చీ. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ అందులోనే కూర్చుంటోంది. భర్త పోయాక లాడ్జి యజమాని మరిది అయ్యాడు గానీ, తాళంచెవుల గుత్తి మాత్రం ఆవిడ నడుముకే ఉండిపోయింది. అందుకే అందరూ ఆవిడను తాళాలమ్మ అంటారు. ఎవరికి ఏం కావాలో ఆవిడ చీటీల మీద రాసి పెట్టేది. నలభై దాటాక నేర్చుకున్న రాత కాబట్టి అక్షరాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉండేవి. చీటీ నిండిపోయేది, విషయం సగంలో ఆగిపోయేది.

పోయిన నెల మరిది గొంతు సవరించుకుని, "వదినా, చీటీలతో ఇంక కష్టం. వచ్చినవాళ్ళే మీటలు నొక్కి గది తీసుకునే యంత్రం పెట్టిద్దాం. నువ్వు పైన దుప్పట్ల గదిలో హాయిగా కూర్చో," అన్నాడు.

దుప్పట్ల గదికి కిటికీ లేదు. అక్కడికి వచ్చి మాట్లాడే మనిషీ ఉండడు.

"ఆ యంత్రం చేసే పని నేనే కంప్యూటరుతో చేయిస్తే?" అంది తాళాలమ్మ.

మరిది నవ్వలేదు. చిన్నప్పుడు తనకు బూట్ల తాళ్ళు ముడేయడం నేర్పింది ఈ వదినే. "సరే. యంత్రం అమ్మే ఆయన ఇరవయ్యో తారీకున వస్తాడు. ఆ రోజంతా నీ కార్డులతో నడుపు. సాయంత్రం నాలుగింటికి చూసి చెప్తా. ఒక్క మనిషి పని చెడినా మాత్రం యంత్రం కాగితాల మీద సంతకం పెట్టేస్తా," అన్నాడు.

ఆ రోజే ఈ రోజు.

కంప్యూటరు భాష నేర్పింది మేనకోడలు. రోజూ ఫోనులో అరగంట పాఠం. "అత్తా, క్లాసు అంటే నమూనా. కార్డు ఎలా ఉండాలో అందులో ఒక్కసారి చెప్తావ్. మనిషి వచ్చినప్పుడల్లా దాంట్లోంచి కొత్త కార్డు పుడుతుంది. పుట్టగానే దానికి ఏమేం కావాలో అమర్చి పెట్టేదే కన్‌స్ట్రక్టరు. గది నంబరు అందులో పెట్టు, పేరు అందులో పెట్టు, కోరికల కోసం ఒక ఖాళీ జాబితా కూడా అందులోనే పెట్టు."

నంబరు పెట్టింది, పేరు పెట్టింది. ఖాళీ జాబితా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. సబ్బుబిళ్ళను దారంతో రెండుగా కోసి రెండు గదులకు పెట్టే మనిషి ఆవిడ. ఎవరూ లేని వరండాలో దీపం వెలిగితే ఆవిడకు కడుపులో మంట. ఖాళీగా ఉన్నదాన్ని మనిషి మనిషికీ కొత్తగా తయారుచేయడం ఏం దుబారా అనుకుంది. ఆ ఒక్క వరుసను కన్‌స్ట్రక్టరులోంచి తీసి, నమూనాకు పైన, అందరికీ కలిపి ఒక్కసారి రాసింది. ఒక మనిషి పేరు పెట్టి పరీక్షించి చూస్తే కార్డు ముత్యంలా వచ్చింది. మేనకోడలికి చెప్పనే లేదు. ఆదా చేసిన సంగతి ఆవిడ ఎప్పుడూ ఎవరికీ చెప్పదు.

రైలు వేళకే వచ్చింది. మొదటి గదికి ఒక పెద్దాయన వచ్చాడు. బడి ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి రిటైరైనవాడు. చెవులు దాదాపు వినపడవు. "నాతో గట్టిగా మాట్లాడాలి! తలుపు బాదితేనే వినపడుతుంది!" అని తనే గట్టిగా చెప్పాడు. రెండో గదికి గాయని. గొంతు పోయిందని వైద్యుడు మౌనం రాసిచ్చాడట. తనను మాట్లాడించవద్దని కాగితం మీద రాసి చూపింది. మూడో గదికి ఒక అమ్మాయి, రెండు రోజుల ప్రయాణంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మూడింటికి ఇంటర్వ్యూ అండీ. నిద్రపోతే నా అంతట నేను లేవలేను. రెండింటికి లేపుతారా, ప్లీజ్?" అంది. నాలుగో గది లారీ డ్రైవరుది. నడుము పట్టేసింది, పరుపు తీసేసి చెక్క బల్ల వేయాలి. అయిదో గది మూడేళ్ళ పాపతో వచ్చిన తల్లిది. తను స్నానం చేసి వచ్చేలోపు పాపకు ఎవరైనా కథ చెప్పి జోకొట్టాలి. ఆరో గదికి మెడలో టై కట్టుకుని యంత్రాలు అమ్మే ఆయనే వచ్చాడు. ఆయనకు ఒక దిండు అదనంగా కావాలి.

తాళాలమ్మ అన్నీ కొట్టింది. కౌంటరు మీద చోటు లేదని ప్రింటరును మెట్ల కింద పెట్టారు. అక్కడ కార్డు బయటికి రాగానే తీసుకుపోయేవాడు గదులు చూసుకునే ముసలి సైనికుడు. పటాలంలోంచి వచ్చి పదిహేనేళ్ళయినా ఆయన నడక మారలేదు. కార్డు అందితే ఎందుకని అడగడు. అడిగినవాళ్ళతో "ఆర్డరు ఆర్డరే" అంటాడు. దాంతో ఆయన పేరే ఆర్డరు అయిపోయింది.

మొదటి రెండు గంటలు ప్రశాంతంగా గడిచాయి. పదకొండు కావస్తుండగా గాయని మెట్లు దిగి వచ్చి, ఒక కాగితం కౌంటరు మీద పెట్టింది. దాని మీద ఇలా ఉంది: "ఆయన నా తలుపు ఎందుకు బాదుతున్నాడు? 'మీరు మాట్లాడకూడదు' అని నా మీద ఎందుకు అరుస్తున్నాడు? నేను మాట్లాడలేదు."

"ఏమయ్యా ఆర్డరూ, ఆవిడ మీద అరిచావా?"

"అరిచానమ్మా. కార్డులో ఉంది." ఆర్డరు కార్డు చూపించాడు. గట్టిగా మాట్లాడాలి. తలుపు బాదాలి. మాట్లాడించకూడదు.

"మొదటి గది కోరికలు దీంట్లోకి ఎలా వచ్చాయి?"

"అది నా హోదాకు మించిన విషయమమ్మా."

మిగతా కార్డులు అడుగుదామనుకునేలోగా ఆరో గది ఆయన టై పక్కకు తిరిగిపోయి, జుట్టు రేగిపోయి కిందికి వచ్చాడు. "ఏమండీ, నా పరుపేదండీ? ఎవరో పెద్దమనిషి వచ్చి పరుపు ఎత్తుకుపోయి బల్ల వేశాడు. ఇదేంటయ్యా అంటే నోరు మూసుకోమన్నాడు. ఆ తర్వాత పక్కన కూర్చుని నన్ను జోకొడుతూ కథ చెప్పాడు!"

"ఏం కథ?" అంది తాళాలమ్మ.

"ఏదో వంతెనకి కాపలా కాసిన కథ. మూడు రోజులు కాశాడట. ఎవరూ రాలేదట. అదే చెప్తున్నాడు, మూడు రోజులూ, గంట గంటకీ! మధ్యలో మీ ఫోను మోగిందని వెళ్ళిపోయాడు."

"దిండు ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"అదొక్కటి మీదే," అంది తాళాలమ్మ.

వెనక నుంచి మరిది అన్నీ విన్నాడు. "వదినా, నాలుగు దాకా అన్నాను, మాట మీదే ఉంటా. కానీ ఆ మూడో గది పిల్ల ఇంటర్వ్యూ ఉంది చూడు, అది గనక తప్పిందో..." అన్నాడు. మిగతాది దుప్పట్ల గది వైపు చూసి చెప్పాడు.

తాళాలమ్మ తెర వైపు తిరిగింది. కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయని, కంప్యూటరుకు ఒకసారి ఊపిరి తీసుకోనిస్తే సర్దుకుంటుందని అనుకుంది. కంప్యూటరు ఆపి, మళ్ళీ పెట్టి, పొద్దున తను కొట్టిన పట్టీని దానిచేత మొత్తం మళ్ళీ చదివించి, 'అన్ని కార్డులూ మళ్ళీ' అన్న చోట నొక్కింది. ప్రింటరు ఉత్సాహంగా ఆరు కార్డులు దులిపింది. ఆర్డరు వాటిని పేకముక్కల్లా సర్దుకుని పైకి వెళ్ళాడు.

ఇప్పుడు ఆరు కార్డుల మీదా ఆరుగురి కోరికలూ ఉన్నాయి.

పావుగంటలో పై అంతస్తు నుంచి పరుపులు ఒక్కొక్కటిగా వరండాలోకి నడిచి వచ్చాయి. మూడేళ్ళ పాప బల్ల మీద కూర్చుని, "తాత అరుస్తున్నాడు, మళ్ళీ అరవవా తాతా," అని చప్పట్లు కొట్టింది. మొదటి గది పెద్దాయన "ఏంటయ్యా ఇది?" అని అడిగితే ఆర్డరు, లాడ్జి అదిరేలా, "మీరు మాట్లాడకూడదు!" అన్నాడు. పెద్దాయనకు ఆ ఒక్క ముక్క చక్కగా వినపడింది. కార్డు తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ముప్పై ఏళ్ళు పైనుంచి వచ్చిన కాగితాలను అమలుచేసిన మనిషి. గోడకో తలుపుకో వేలాడే కాగితం ఏదైనా తన కోసమే అని ఆయన నమ్మకం. లాడ్జిలో దిగినవాళ్ళు పాటించవలసిన నియమాలు ఇవి కాబోలు అనుకున్నాడు. కొంచెం విచిత్రంగా ఉన్నాయి, కానీ అంతకన్నా విచిత్రమైనవి ఆయన బడిలో అమలుచేశాడు. కార్డును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

కింద తాళాలమ్మ రెండో గది కార్డు తెర మీదికి తెచ్చింది. నిజమే, ఆరుగురివీ ఉన్నాయి. "పోనీ, చేత్తో తుడిచేస్తే పోలా?" అనుకుంది. గాయనికి అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే చెరిపి, 'మాట్లాడించకూడదు' ఒక్కటి ఉంచింది. ముందు ఆవిడకు శాంతి దొరికితే మిగతా గదులు తర్వాత చూసుకోవచ్చు. మళ్ళీ అన్నీ ముద్రించింది. ఆర్డరు పాత కార్డులు ఊడబీకి చింపేశాడు. పెద్దాయన ఒక్కడే, "ఫైలు చేసేశాను!" అని తనది ఇవ్వలేదు.

ఆ తర్వాత లాడ్జిలో కమ్మటి నిశ్శబ్దం. పరుపులు వెనక్కి వెళ్ళాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ కథ చెప్పలేదు. అయిదో గది తల్లి ఏదో అడగబోతే ఆర్డరు పెదవుల మీద వేలు పెట్టుకుని సైగ చేశాడట. ఆరో గది ఆయన ఫిర్యాదు చేయడానికి నోరు తెరిచాడు. ఆర్డరు చూపు చూసి మూసుకున్నాడు. గంటసేపు ఆ నిశ్శబ్దాన్ని వింటూ తాళాలమ్మ సంతోషపడింది. మరమ్మతు అయిపోయిందనుకుంది.

ఒంటిగంటన్నరకు లారీ డ్రైవరు నడుం మీద చెయ్యి వేసుకుని, ఎల్ అక్షరంలా వంగి దిగాడు. "అక్కా, బల్ల వేశారు, బాగుంది. మళ్ళీ పరుపెందుకు వేశారక్కా? కోరింది ఇచ్చి తీసేసుకుంటారా?"

"నీ బల్ల ఎవరు తీశారు తమ్ముడూ?"

"ఆ పటాలం ఆయన. కార్డులో లేదంట."

తాళాలమ్మ నాలుగో గది కార్డు తెరిచింది. 'మాట్లాడించకూడదు' అని ఒక్క ముక్క ఉంది. డ్రైవరు బల్ల లేదు. ఆ బల్లను తను చెరిపింది రెండో గది కార్డులో కదా! అక్కడ చెరిపితే ఇక్కడెలా పోయింది? వెంటనే మేనకోడలికి ఫోను చేసింది.

అవతల గుసగుసగా వచ్చింది గొంతు. "అత్తా, మీటింగులో ఉన్నా. త్వరగా చెప్పు."

"తల్లీ, ఒకరి కార్డులో రాస్తే అందరిలో పడుతోంది. ఒకరిది చెరిపితే అందరిదీ పోతోంది."

"ఓహో." చిన్న నవ్వు వినిపించింది. "ఒక్కటే అడుగుతా, నువ్వే చెప్పాలి. కోరికల జాబితా కన్‌స్ట్రక్టరు లోపల పెట్టావా, బయట పెట్టావా?"

"బయటే. ఖాళీయే కదా అని..."

"నువ్వు మీ లాడ్జిలో అలాగే చేస్తావా అత్తా? ఆలోచించు. మా బాసు నన్నే చూస్తున్నాడు, పెట్టేస్తున్నా."

లాడ్జిలో అలా చేయడమేమిటి? తాళాలమ్మ ఫోను చేతిలో పట్టుకుని మెట్లెక్కింది. ఏడో గది తలుపు తెరిచి ఉంది. ఎవరైనా వస్తే ఉంటుందని ఆర్డరు గది సిద్ధం చేస్తున్నాడు. కొత్త దుప్పటి పరిచాడు. గ్లాసు బోర్లించాడు. సగం సబ్బు పెట్టాడు. భుజం మీది నుంచి ఒక మడత తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద వేశాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ రోజూ చూస్తున్న పనే.

"ఆర్డరూ, ఇంకా ఎవరూ రాలేదు కదా. తడవని తువ్వాలు గదికొకటి ఎందుకు? వరండాలో ఒక్కటి తగిలిస్తే అందరికీ సరిపోదూ?"

ఆర్డరు మొదటిసారి ఒక ఆజ్ఞను ఎదిరించాడు. "ఛీ, అదేం మాటమ్మా! ఒకళ్ళు తుడుచుకున్న తడి ఇంకొకళ్ళ మొహానికా?"

తాళాలమ్మ కుర్చీ మీది తువ్వాలును చేత్తో తడిమింది. పొడిగా ఉన్నప్పుడు తువ్వాలు ఒక్కటైనా ఆరైనా తేడా తెలియదు. మొదటి మనిషి మొహం తుడుచుకున్నప్పుడూ తెలియదు. రెండో మనిషి వచ్చినప్పుడు తెలుస్తుంది. తను వరండాలో ఒక్క తువ్వాలు తగిలించి, ఆరుగురికీ అదే చూపించింది. పెద్దాయన తడి గాయనికి, గాయని తడి డ్రైవరుకు. గది సిద్ధం చేయడం అంటే ఎవరి తువ్వాలు వాళ్ళ గదిలో వేయడం. కన్‌స్ట్రక్టరు చేసేది అదే. ఆర్డరు పదిహేనేళ్ళుగా చేస్తున్నదీ అదే.

"నువ్వు కన్‌స్ట్రక్టరువయ్యా ఆర్డరూ!" అంది.

"చిత్తం," అన్నాడు ఆర్డరు. బిరుదులు ఎప్పుడు వచ్చినా ఆయన కాదనడు.

ఆవిడ దాదాపు పరిగెత్తుకుంటూ కిందికి వచ్చింది. పైన ఉన్న ఆ ఒక్క వరుసను కోసి, కన్‌స్ట్రక్టరు లోపలికి తెచ్చి, నంబరు కింద, పేరు కింద అతికించింది. ఈ కార్డుదే ఈ జాబితా అని దానికి బొట్టు పెట్టినట్టు ఒక ముక్క ముందు చేర్చింది. ఒకటి రెండు చోట్ల తప్పు పడింది, తెర ఎర్రగా తిట్టింది, దిద్దింది. పైన ఏవో చప్పుళ్ళయినా, గుమ్మంలోంచి ఎవరో బయటికి వెళ్ళినా తల ఎత్తలేదు. ఉత్తుత్తి మనుషులను ఇద్దరిని పుట్టించి చూసింది. ఒకరికి కుర్చీ అడిగింది, ఇంకొకరికి దీపం అడిగింది. కుర్చీ ఒకరికే వచ్చింది. దీపం ఒకరికే వచ్చింది. మొదటిసారి తన పేరు తను రాసుకున్న రోజున కూడా ఆవిడ కాగితాన్ని ఇలాగే చూస్తూ కూర్చుంది.

తల ఎత్తితే గోడ గడియారంలో రెండూ ఇరవై అయిదు.

మూడో గది! డ్రైవరు బల్ల పోయినప్పుడే ఆ పిల్ల నిద్ర లేపడం కూడా పోయింది. సంబరంలో ఆవిడకు ఆ సంగతే తట్టలేదు. తాళాల గుత్తి గలగలలాడుతూ రెండేసి మెట్లెక్కింది. అలికిడికి మరిది కూడా వెనకే వచ్చాడు. "వదినా, ఆ పిల్లని లేపావా?" అని అడిగాడు.

మూడో గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీ.

"వెళ్ళిపోయింది! రెండూ పదికి!" అని వెనక నుంచి పెద్ద గొంతు. మొదటి గది పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని, చొక్కా జేబుకు కార్డు పిన్నుతో గుచ్చుకుని కూర్చున్నాడు. "నియమం నాలుగు, రెండింటికి లేపాలి! నియమం రెండు, తలుపు బాదాలి! ఇక్కడ ఎవరూ చేయట్లేదు. నేనే ఆరు తలుపులూ బాదాను! నా తలుపు కూడా!"

"ఆ పిల్ల ఏమంది సార్?" మరిది ఆయన చెవి దగ్గర అరిచాడు.

"థాంక్సు అన్నట్టుంది! మాట్లాడకూడదని చెప్పి పంపించాను! నియమం మూడు!"

తాళాలమ్మ జారిన తాళాల గుత్తిని మళ్ళీ నడుముకు దోపుకుంది. మరిది ఆవిడ వైపు చూశాడు, పెద్దాయన జేబు వైపు చూశాడు, కిందికి దిగిపోయాడు. చెప్తానన్నది నాలుగింటికి కదా.

నాలుగింటికి ఆరో గది ఆయన తన యంత్రం కౌంటరు మీద పెట్టాడు. తెల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. "చూడండి, మూడే మీటలు. గది, తారీకు, తాళం. మనిషితో పనే లేదు."

"ఎవరికైనా బల్ల కావాలంటే?" అన్నాడు మరిది.

"అలాంటివన్నీ దీంట్లో ఉండవండి. తెర మీద కింద ఒక ఫోను నంబరు వస్తుంది, దానికి చేసుకుంటారు."

"ఆ ఫోను ఎవరెత్తుతారు?"

అమ్మే ఆయన టై సర్దుకున్నాడు. "మామూలుగా అయితే... మీ వదినగారే ఎత్తాలండి."

మరిది పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. అప్పుడే సాయంత్రం బండి దిగిన ఒకాయన చిన్న సంచితో లోపలికి వచ్చాడు. ఏడో గది ఇచ్చారు. "మీకేమైనా కావాలా అండీ?" అని తాళాలమ్మ అడిగింది.

"ఏమీ వద్దమ్మా."

ఆవిడ కొట్టింది. మెట్ల కింద ప్రింటరు గురకపెట్టింది. ఈసారి మరిది స్వయంగా వెళ్ళి కార్డు తెచ్చాడు. నంబరు ఉంది, పేరు ఉంది. కింద ఏమీ లేదు. ఊడ్చిన వాకిలిలా శుభ్రంగా, తెల్లగా ఉంది. ఆరుగురివీ మళ్ళీ తీయించాడు. ఎవరిది వాళ్ళకే ఉంది. డ్రైవరుకు బల్ల, గాయనికి మౌనం. మూడో గది కార్డు ఇంకా వేడిగా ఉండగానే ఆ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. "సోమవారం నుంచి రమ్మన్నారండీ! ఆ తాతగారేరీ?" అంటూ మెట్లెక్కేసింది.

మరిది ఒప్పందం కాగితాన్ని మడిచి అమ్మే ఆయనకు తిరిగిచ్చేశాడు. "దుప్పట్ల గదిలో ఈ ప్రింటరు పెడదాం వదినా. గోల తగ్గుతుంది. నువ్వు ఇక్కడే ఉండు," అన్నాడు. తర్వాత, కొంచెం మొహమాటంగా, "ఆ కన్‌స్ట్రక్టరు ఏంటో నాక్కూడా చెప్తావా?" అన్నాడు.

"చెప్తా నాయనా. తువ్వాలు తెచ్చుకో."

అమ్మే ఆయన యంత్రం పెట్టెలో సర్దుకుని కూడా కదలలేదు. చాలాసేపు తటపటాయించి ఆర్డరు దగ్గరికి వెళ్ళాడు. "నిజం చెప్పాలంటే, ఊళ్ళు తిరిగే ఈ ఉద్యోగంలో నిద్ర పట్టి నెలలయింది. పొద్దున మీ కథకి కళ్ళు మూతపడుతుండగా మీరు లేచి వెళ్ళిపోయారు. ఆ వంతెన మీదికి చివరికి ఎవరైనా వచ్చారా?"

"ఆ సంగతి కార్డులో రాయించండి," అన్నాడు ఆర్డరు.

ఆయన రాయించాడు. ఆరో గది కార్డులో దిండు కింద ఒక వరుస పెరిగింది, ఆ ఒక్క కార్డులోనే. ఆర్డరు దాన్ని జేబులో పెట్టుకుని, ఏడో గది కార్డును అటూ ఇటూ తిప్పి, వెలుగుకు పట్టి చూశాడు.

"అమ్మా, దీంట్లో ఏమీ లేదు. ఏం చేయాలి?"

"ఏమీ చేయకు."

ఆర్డరు మడమలు కలిపి నిలబడి, మెట్లెక్కి, ఏడో గది తలుపు బాది, మీకు ఏమీ చేయబోవడం లేదని లాడ్జి అంతా వినపడేలా చెప్పి వచ్చాడు.